ఫ్లాష్‌లో చేసిన తెలుగు అక్షరాల సీడీ ట్యాబ్‌లో తెరుచుకోవడం లేదు, దారి చెప్పండి

పర్లాకిమిడి_మాస్టారు:
మా తెలుగు మీడియం బడి పిల్లల కోసం చాలా ఏళ్ల కిందట ఫ్లాష్ అనే కదిలే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక సీడీ చేశాను. అక్షరానికి ఒక పేజీ. అక్షరం నొక్కితే పలుకుతుంది, పక్కన బొమ్మ కదులుతుంది, పిల్లవాడు మౌసుతో దిద్దితే, గీత సరిగ్గా పడితే చప్పట్లు వస్తాయి. ఇన్నాళ్లూ ల్యాబులో పాత విండోస్ 7 కంప్యూటర్ మీద నడిచింది. మొన్న వానల్లో పిడుగు పడి అది పోయింది. ఇప్పుడు బడికి ఆండ్రాయిడ్ ట్యాబులు ఇచ్చారు, అందులోకి సీడీ మొత్తం కాపీ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోదు. విశాఖలో ఒక కంపెనీని అడిగితే "అంతా కొత్తగా చేయాలి" అని ఒక రేటు చెప్పారు, ఆ డబ్బుంటే బడికి ప్రహరీ కట్టించుకుంటాం. ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు (ఆడే ఫైళ్లు) అన్నీ ఉన్నాయి, ఎఫ్‌ఎల్‌ఏలు (మార్చుకోవడానికి వీలైన అసలు ఫైళ్లు) సగం దొరికాయి. నాకు ఫ్లాష్ కోడ్ రాసే యాక్షన్‌స్క్రిప్ట్ 2 వచ్చు, జావాస్క్రిప్ట్ రాదు. బడిలో నెట్ లేదు, ఇది మాత్రం గుర్తుంచుకుని చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జయపురం_జోకులు:
పిడుగు పడింది కంప్యూటర్ మీదా, ఫ్లాష్ మీదా మాస్టారూ? ఫ్లాష్ మీద పడి చాలా కాలమైంది.

బరంపురం_బ్రౌజర్:
జోకులు చెప్పింది నిజమే. ఫ్లాష్ ప్లేయర్ 2020 డిసెంబరు 31తో సరి. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే లోపలున్న కోడ్‌తో ఏదీ ఆడించకుండా ఆగిపోయింది. ఆండ్రాయిడ్ సంగతి అంతకన్నా పాతది, మొబైల్ ఫ్లాష్‌కు అడోబీ 2011 నవంబరులోనే నీళ్లు వదిలింది. కాబట్టి ట్యాబులో "ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్" అని మాత్రం వెతక్కండి. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవాటిలో చాలావరకు వైరస్‌లే.

దారులు మూడు. ఉన్న ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను ఎమ్యులేటర్‌లో, అంటే పాత ప్లేయర్‌లా నటించే ప్రోగ్రాంలో, ఆడించడం, ఎఫ్‌ఎల్‌ఏని హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్‌గా (బ్రౌజర్ తానే పిక్సెళ్లు గీసే పలక) ఎక్స్‌పోర్ట్ చేయడం, లేదంటే బొమ్మలూ శబ్దాలూ బయటకు తీసి పాఠాన్ని కొత్తగా కట్టడం. ఏది పట్టుకోవాలన్నది మీ ఓపికను బట్టి.

చాందా_బొగ్గు:
మొదటిదే పట్టుకోండి, మిగతావి అక్కర్లేదు. రఫుల్ అని ఒక ఉచిత ఎమ్యులేటర్ ఉంది, రస్ట్ భాషలో రాసి బ్రౌజర్ నేరుగా నడిపే వెబ్‌అసెంబ్లీగా మార్చారు, బ్రౌజర్‌కి ప్లగిన్ ఏదీ తగిలించాల్సిన పని లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు 2020 నవంబరులో పాత ఫ్లాష్ ఆటలు చాలా మళ్లీ ఆడేలా పెట్టింది దీనితోనే. యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 చక్కగా నడుస్తాయి, పేచీ అంతా 3తోనే. మాస్టారిది 2 అంటున్నారు, ఇంకేం కావాలి. గనిలో కొత్తగా చేరేవాళ్లకు చూపించే పాత సేఫ్టీ బొమ్మలన్నీ నేను ఇలాగే ఆడిస్తున్నాను, ఒక్క లైను కోడ్ రాయలేదు.

గుణుపురం_గీత:
బొగ్గు అన్నా, మీది కంప్యూటర్, రఫుల్ డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో ఫైలు పడేస్తే ఆడుతుంది. మాస్టారివి ట్యాబులు, నెట్ లేదు. పేజీలో రఫుల్ పెట్టి ఆ పేజీని మెమరీ కార్డులోంచి నేరుగా తెరిస్తే ఏమీ రాదు. రఫుల్ తన వెబ్‌అసెంబ్లీ ఫైలును ఫెచ్ చేసుకోవాలి, అంటే విడిగా తెచ్చుకోవాలి, పేజీ సర్వర్ నుంచి కాకుండా ఫైలుగా తెరిచినప్పుడు క్రోమ్ ఆ ఫెచ్‌ను ఒప్పుకోదు. ఎక్కడో ఒక చిన్న సర్వర్ ఉండాల్సిందే.

చాందా_బొగ్గు:
ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టి హాట్‌స్పాట్ ఇస్తే సరిపోదా? పైథాన్‌లో ఒక్క కమాండ్‌తో సర్వర్ లేస్తుంది.

పర్లాకిమిడి_మాస్టారు:
పాత ల్యాప్‌టాప్ మా ఇంట్లో ఉంది. కానీ నేను సెలవు పెట్టిన రోజు దాన్ని ఆన్ చేసేదెవరు? మిగతా ఇద్దరు టీచర్లూ కంప్యూటర్ అంటేనే ఆమడ దూరం.

రాయగడ_రమ:
హైదరాబాద్‌లో ఈ-లెర్నింగ్ కంపెనీల్లో నేను ఫ్లాష్ మీదే బతికాను, అది పోయాకే ఇంటికొచ్చి ఫ్రీలాన్స్ మొదలుపెట్టాను, కాబట్టి నా మాట కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓర్చుకోండి.

రఫుల్ చెడ్డది కాదు. ఉన్నదాన్ని ఊరగాయ జాడీలో పెట్టినట్టు నిలవ ఉంచుతుంది, కానీ ఆ జాడీలో కొత్త ముక్క వేయలేం. రేపు మాస్టారు ఒక అక్షరం బొమ్మ మార్చాలన్నా, ఒక పలుకు మళ్లీ రికార్డు చేయాలన్నా మళ్లీ పాత ఫ్లాష్ కావాలి. పైగా ఆ సీడీ మౌసు కోసం చేసింది. మౌసు పైకి వస్తే రంగు మారే బటన్లు ఉంటాయి కదా, రోల్‌ఓవర్లు, ట్యాబు మీద వేలికి పైకి రావడం అనేదే లేదు, తాకడమే. నాలుగేళ్ల పిల్లకి చిటికెనవేలు అంత బటన్ ఇచ్చి నొక్కమంటే ఏం నొక్కుతుంది?

ఇక ఎఫ్‌ఎల్‌ఏ దారి. ఫ్లాష్ ప్రొఫెషనల్‌కే 2016లో యానిమేట్ అని పేరు మార్చారు, అందులోంచి హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్‌గా ఎక్స్‌పోర్ట్ వస్తుంది, వెనకాల నడిచేది క్రియేట్‌జేఎస్ లైబ్రరీలు. బాగానే ఉంటుంది, కానీ మూడు గుంటలు ఉన్నాయి, నేను అందులో ఎంతోమంది పడటం చూశాను. ఒకటి, మార్చేటప్పుడు మీ యాక్షన్‌స్క్రిప్ట్ అంతా కామెంట్ అయిపోతుంది, అంటే బొమ్మలు వస్తాయి, బుద్ధి రాదు. పైగా మీది 2, దాన్ని తెరిచి పబ్లిష్ చేసిన చివరి వెర్షన్ ఫ్లాష్ సీఎస్6. రెండు, ఫ్లాష్‌లో ఫ్రేములు 1 నుంచి లెక్క, కాన్వాస్‌లో 0 నుంచి. గోటూఅండ్‌స్టాప్ 5 అని ఉన్నచోట 4 అని రాయాలి, లేదంటే "ఆ" నొక్కితే "ఇ" వస్తుంది, పిల్లలు దాన్నే నేర్చుకుంటారు. ఫ్రేముకు లేబుల్ పెట్టి లేబుల్‌తో పిలిస్తే ఈ గొడవే లేదు. మూడు, కోడ్‌లో 'ఈ వస్తువు' అని చెప్పే దిస్. బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్‌లో దిస్ అంటే మీరనుకున్న మూవీక్లిప్ కాదు, బైండ్ చేయాలి, అంటే ఏ క్లిప్పో ముందే కట్టిపెట్టాలి. యాక్షన్‌స్క్రిప్ట్ నుంచి వచ్చినవాళ్లకి సాయంత్రాలు సాయంత్రాలు పోయేది ఇక్కడే.

జయపురం_జోకులు:
"బొమ్మలు వస్తాయి, బుద్ధి రాదు." మా అబ్బాయి రిపోర్టు కార్డు మీద రాసుకుంటానమ్మా.

షోలాపూర్_పడుగు:
అందరూ ఇంటరాక్టివ్, ఇంటరాక్టివ్ అంటున్నారు గానీ ఫ్లాష్‌లో చేసిన వాటిల్లో సగం ఉత్త సినిమాలే కదా. మా నాన్న చద్దర్ల కేటలాగ్ ఒకటి ఫ్లాష్‌లో చేయించాడు, డిజైన్లు తిరుగుతూ వస్తాయి, వెనక సంగీతం, చివర్లో ఫోన్ నంబరు. దాన్ని ఎంపీ4 వీడియో చేసి వాట్సాప్‌లో పెట్టాను, అంతే, ఒక్క వ్యాపారీ "ఇదేంటి నొక్కితే కదలట్లేదు" అని అడగలేదు. మాస్టారు కూడా పలుకూ బొమ్మా ఉన్న పేజీలు వీడియో చేసేసి, దిద్దే భాగం ఒక్కటి పలక మీద చేయించుకుంటే పోలా?

పర్లాకిమిడి_మాస్టారు:
పలక మీద దిద్దిస్తూనే ఉన్నాం బాబూ. మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో ఒడియా, సవర మాట్లాడతారు. ఒక్కో పిల్ల ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోతుంది. వీడియో అందరినీ ఒకే వేగంతో లాక్కుపోతుంది. ఆ సీడీలో పిల్ల తనకు రాని అక్షరం దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చునేది.

షోలాపూర్_పడుగు:
అలాగైతే నా మాట వెనక్కి. చద్దర్‌కి అక్షరాలు రాకపోయినా అమ్ముడుపోతుంది.

సిరొంచ_సీనన్న:
మాదీ అదే కథ. గోదావరి అవతల తెలంగాణ, ఇవతల మేము. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పక్క పల్లెల్లో గోండి, మాడియా. మాస్టారు తెలుగు కోసం ఏదైనా చేస్తే మాక్కూడా పనికొస్తుంది, కానీ మాటలన్నీ బొమ్మలో కలిపేయకుండా విడిగా పెట్టండి, మేం మరాఠీ పలుకులు రికార్డు చేసి పెట్టుకుంటాం. గూగుల్‌ది స్విఫీ అని ఒకటి ఉండేది, ఎస్‌డబ్ల్యూఎఫ్ ఇస్తే హెచ్‌టీఎంఎల్ ఇచ్చేది, అది వాడరాదా?

బరంపురం_బ్రౌజర్:
స్విఫీని 2016 జులైలోనే మూసేశారు సీనన్నా. అది ఉన్నా మాస్టారికి ఇదే తలనొప్పి, బయటకు వచ్చిన కోడ్ మనిషి చదివేలా ఉండేది కాదు.

మాటలు విడిగా ఉంచమన్నది మాత్రం బంగారం లాంటి సలహా. ప్రతి అక్షరానికీ ఒక వరుస: అక్షరం, మాట, బొమ్మ ఫైలు, శబ్దం ఫైలు. జావాస్క్రిప్ట్‌లో పట్టీలాగా రాసిపెడితే పేజీ ఒక్కటే, అక్షరాలు మారుతుంటాయి. సీడీలో అక్షరానికి ఒక ఎస్‌డబ్ల్యూఎఫ్ ఉంది కదా, ఇక్కడ అన్ని పేజీలు చేయక్కర్లేదు. సీనన్న ఆ పట్టీలో మరాఠీ వేసుకుంటాడు, పేజీ ముట్టుకోడు.

ధర్మాబాద్_మిర్చి:
ఎస్‌డబ్ల్యూఎఫ్‌లోంచి బొమ్మలు తీయాలంటే జేపెక్స్ అని ఉచిత డీకంపైలర్ ఉంది. ఆకారాలను ఎస్‌వీజీగా (గీతల లెక్కలుగా దాచే బొమ్మ ఫైలు), శబ్దాలను ఎంపీ3గా, స్క్రిప్టును చదివేలా బయటకు ఇస్తుంది. ఎఫ్‌ఎల్‌ఏ పోయిన పేజీలకు ఇదే దిక్కు. మీ సొంత ఫైళ్లు కాబట్టి హక్కుల గొడవ లేదు. బొమ్మలు వేరే ఆర్టిస్టు వేసి ఉంటే ఒక మాట అడగండి.

పర్లాకిమిడి_మాస్టారు:
బొమ్మలు మా డ్రాయింగ్ మాస్టారివి, ఆయన రిటైరయ్యారు, అడిగితే "ఇంకా వేసిస్తా" అంటారు, ఆపడమే కష్టం. జేపెక్స్‌లో తెరిచి చూశాను. బొమ్మలు వచ్చాయి. కానీ తెలుగు మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ చుక్కలూ గీతలూ కలిసిన చెత్తలా వచ్చాయి. ఇదేం మాయ?

రాయగడ_రమ:
అను ఫాంట్లు వాడి ఉంటారు. ఆ రోజుల్లో అందరం అవే వాడాం, ఫ్లాష్ పాత వెర్షన్లకు తెలుగు ఒత్తులు కూర్చడం రాదు కాబట్టి వేరే దారీ లేదు. అక్కడ లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ కోడ్‌ల మీద తెలుగు ముక్కల బొమ్మలు. ఎస్‌డబ్ల్యూఎఫ్ లోపల ఫాంటు ఆకారాలు ఇమిడి ఉంటాయి కాబట్టి ఆడినప్పుడు బాగానే కనిపిస్తుంది, బయటకు తీస్తే అసలు రంగు తెలుస్తుంది. మీ మాటలు మహా అయితే వంద ఉంటాయి, కన్వర్టర్ల వెంట పడకుండా యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసేయండి. మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఫాంట్లన్నీ ఉచితమే, ఫాంటు ఫైలును పేజీతోనే పెట్టండి, ట్యాబులో ఉన్న ఫాంటును నమ్ముకోకండి.

చాందా_బొగ్గు:
చూశారా, ఒక్కటొక్కటిగా పని పెరుగుతోంది. ఫాంట్లు, మాటలు, బొమ్మలు, కోడ్. నేను చెప్పింది సాయంత్రానికి అయిపోయేది.

రాయగడ_రమ:
సాయంత్రానికి అయిపోతుంది, మరుసటి రోజు ల్యాప్‌టాప్ ఆన్ చేసే మనిషి కోసం వెతుక్కోవాలి.

గుణుపురం_గీత:
పీడబ్ల్యూఏ, అంటే యాప్‌లా నడిచే వెబ్ పేజీ, చేస్తే? పేజీని ట్యాబులో దాచిపెట్టే సర్వీస్ వర్కర్ అనే స్క్రిప్టు పెడితే ఒక్కసారి తెరిచాక నెట్ లేకపోయినా నడుస్తుంది, హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ కూడా వస్తుంది. మా కాలేజీ ప్రాజెక్టుకు అదే చేశాం.

బరంపురం_బ్రౌజర్:
సర్వీస్ వర్కర్‌కు హెచ్‌టీటీపీఎస్ కావాలి, లేదా లోకల్‌హోస్ట్, అంటే అదే ట్యాబులో నడిచే సర్వర్, అయి ఉండాలి. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్ ఇచ్చి ఐపీ అడ్రసుతో తెరిస్తే అది రెండూ కాదు, రిజిస్టరే అవదు. మాస్టారు ట్యాబులన్నీ ఒకరోజు ఇంటికి తెచ్చి తన వైఫై మీద నిజమైన సైటు నుంచి తెరిపించుకుని మళ్లీ బడికి తీసుకెళ్తే, అప్పుడు పీడబ్ల్యూఏ పనిచేస్తుంది. చోటు చాలక బ్రౌజర్ ఆ డేటా తీసేస్తే మళ్లీ మొదటికి.

నా ఓటు ఒకే ఫైలుకి. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, బొమ్మలు, పలుకులు, ఫాంటు అన్నీ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్లో. బొమ్మలు ఎస్‌వీజీగా నేరుగా, శబ్దాలూ ఫాంటూ బేస్64గా, అంటే ఉత్త అక్షరాల వరుసగా మార్చి. బేస్64 వల్ల సైజు మూడో వంతు పెరుగుతుంది, పెరగనీ. ఎందుకింత మొండిగా చెబుతున్నానంటే, ఆండ్రాయిడ్‌లో ఫైల్ మేనేజర్ నుంచి హెచ్‌టీఎంఎల్ మీద నొక్కితే క్రోమ్ ఆ ఒక్క ఫైలునే తెరుస్తుంది, పక్క ఫోల్డర్లో ఉన్న బొమ్మలు, శబ్దాలు దానికి కనబడవు. అన్నీ కడుపులో పెట్టుకున్న ఫైలు అయితే మెమరీ కార్డు, బ్లూటూత్, వాట్సాప్, ఎలా పంపినా ఆడుతుంది. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సైన్సు సిమ్యులేషన్లు చూడండి, జావా, ఫ్లాష్‌లలో ఉన్నవాటిని హెచ్‌టీఎంఎల్5కి మార్చుకుంటూ వచ్చారు, ఒక్కో సిమ్యులేషన్ ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది. తెలుగులోనూ ఉన్నాయి, మీ సైన్సు టీచర్‌కి చెప్పండి.

ధర్మాబాద్_మిర్చి:
బ్రౌజర్ భాయ్ చెప్పినదానికి ఇంకో కారణం. కాన్వాస్ మీద బిట్‌మ్యాప్ బొమ్మలు పెట్టి ఫైలుగా తెరిచారా, క్రియేట్‌జేఎస్‌లో బొమ్మలు గీసే ఈజిల్‌జేఎస్ లైబ్రరీ నొక్కిన చోట ఏముందో పిక్సెళ్లు చదివి తెలుసుకుంటుంది, లోకల్ బొమ్మ వల్ల కాన్వాస్ మైల పడిందని బ్రౌజర్ చదవనివ్వదు. తెర మీద అంతా కనబడుతుంది, ఏది నొక్కినా పలకదు. తప్పులు చూపే కన్సోల్ తెరిస్తేగానీ కారణం తెలియదు, ట్యాబులో కన్సోల్ ఎక్కడ తెరుస్తాం. బొమ్మను డేటా యూఆర్‌ఎల్‌గా లోపల పెడితే ఈ పేచీ పోతుంది.

జయపురం_జోకులు:
మైల పడిన కాన్వాస్‌కి పసుపు నీళ్లు చల్లాలా?

పర్లాకిమిడి_మాస్టారు:
కాన్వాస్, ఎస్‌వీజీ రెండూ అంటున్నారు. ఏది పట్టుకోవాలో తేల్చి చెప్పండి. నాకు కావాల్సింది ముఖ్యంగా దిద్దడం. సీడీలో అక్షరం తనంతట తాను గీసుకుంటూ వెళ్లేది, తర్వాత పిల్ల దిద్దేది.

రాయగడ_రమ:
దిద్దడానికి ఎస్‌వీజీయే. ఇది నాకు ఇష్టమైన సంగతి, వివరంగా రాస్తాను.

ఎస్‌వీజీలో అక్షరం అంటే ఒక పాత్, గీత ఎక్కడ మొదలై ఎలా తిరిగి ఎక్కడ ఆగిందో దానికి తెలుసు. ఆ పాత్‌కు పాత్‌లెంగ్త్ 1 అని పెట్టండి, స్ట్రోక్ డ్యాష్‌అరే (గీత ముక్క పొడవు) 1, డ్యాష్‌ఆఫ్‌సెట్ (ఆ ముక్క ఎంత జరగాలో) 1. ఇప్పుడు గీత కనబడదు. సీఎస్‌ఎస్ యానిమేషన్‌తో ఆఫ్‌సెట్‌ను 1 నుంచి 0కి తెస్తే అక్షరం దానంతట అది గీసుకుంటూ వస్తుంది. ఫ్లాష్‌లో ఇదే పనికి మాస్కు పెట్టి ఫ్రేము ఫ్రేముకూ చెరుపుకుంటూ వచ్చేవాళ్లం, గుర్తుందా మాస్టారూ? ఇక్కడ సీఎస్‌ఎస్‌లో నాలుగు లైన్లు.

కానీ ఒకటి. ఫాంటులోంచి అక్షరాన్ని పాత్‌గా మార్చి ఇదే చేస్తే అక్షరం చుట్టూ అంచు గీస్తుంది, మధ్యలో గీత గీయదు, ఎందుకంటే ఫాంటులో ఉండేది అంచే. ఇంక్‌స్కేప్ తెరిచి, ఫాంటు అక్షరాన్ని లేతరంగులో అడుగున పెట్టి, దాని నడిమి గుండా పెన్ టూల్‌తో మీరే గీత గీయాలి, మీరు బోర్డు మీద రాసే వరుసలోనే. చెయ్యి ఎత్తిన చోట కొత్త పాత్. దిశ తప్పితే రివర్స్ అని పాత్ మెనూలో ఉంటుంది. డ్రాయింగ్ మాస్టారికి ఈ పని అప్పజెప్పండి, సంతోషిస్తారు.

దిద్దడం: వేలు పెట్టగానే పాయింటర్‌డౌన్, జరిగితే పాయింటర్‌మూవ్. గెట్‌పాయింట్ఎట్‌లెంగ్త్ అని ఒక ఫంక్షన్ ఉంది, గీత మీద ఇంత దూరంలో ఉన్న బిందువు ఎక్కడో చెబుతుంది. గీత పొడుగునా బిందువులు తీసి పెట్టుకోండి, పిల్ల వేలు వరుసగా ఒక్కో బిందువు దగ్గరకు వస్తుంటే గీత అంతవరకు రంగు నిండుతుంది, దూరం పోతే నింపడం ఆగుతుంది, అంతే. తప్పు అని బుర్ మనిపించకండి, పిల్లలు ఆ బుర్ కోసమే తప్పు చేస్తారు. ఎంత దగ్గరకు వస్తే చాలు అన్నది కాస్త ఉదారంగా పెట్టండి.

ఇంకోటి మర్చిపోతే అంతా పాడు: ఆ ఎస్‌వీజీకి సీఎస్‌ఎస్‌లో టచ్-యాక్షన్ నన్ అని రాయాలి. లేకపోతే పిల్ల కిందికి గీత గీయగానే బ్రౌజర్ పేజీని స్క్రోల్ చేస్తుంది, పాయింటర్‌క్యాన్సిల్ వచ్చి గీత మధ్యలోనే తెగుతుంది. మీరు కోడ్‌లో తప్పుందని వెతుక్కుంటూ ఉంటారు.

గుణుపురం_గీత:
పాయింటర్ క్యాప్చర్ కూడా పెట్టమనండి అక్కా, వేలు బొమ్మ అంచు దాటినా ఈవెంట్లు వస్తూనే ఉంటాయి.

రాయగడ_రమ:
అవును, సెట్‌పాయింటర్‌క్యాప్చర్. పాయింటర్‌డౌన్ లోనే.

బరంపురం_బ్రౌజర్:
కాన్వాస్ పక్షాన ఒక మాట. వందల ముక్కలు ఒకేసారి కదిలే ఆట అయితే ఎస్‌వీజీ చవక ట్యాబు మీద మెల్లబడుతుంది, అక్కడ కాన్వాస్ మేలు. అక్షరాల పేజీకి ఆ అవసరం లేదు. ఎస్‌వీజీ ఏ సైజు తెర మీదైనా అంచులు అరగకుండా ఉంటుంది, కాన్వాస్‌కి డివైస్‌పిక్సెల్‌రేషియో, అంటే తెర పిక్సెళ్ల సాంద్రత, లెక్క మీరే చూసుకోవాలి, లేదంటే మసక.

పలుకుల గురించి: 2018 నుంచి క్రోమ్ మనిషి పేజీని తాకకుండా శబ్దం చేయనివ్వదు. సీడీ తెరవగానే మీ స్వాగత సంగీతం మోగేది కదా, ఇప్పుడు మోగదు. మొదట పెద్ద "మొదలుపెట్టు" బటన్ ఒకటి పెట్టండి, ఆ తాకుడుతోనే ఆడియో తెరుచుకుంటుంది.

సిరొంచ_సీనన్న:
సంగీతం మోగకపోతే టీచర్లు దండం పెడతారు. ముప్పై ట్యాబుల్లో ఒకేసారి స్వాగత సంగీతం ఊహించుకోండి.

షోలాపూర్_పడుగు:
మా మరమగ్గాల షెడ్ గుర్తొచ్చింది.

చాందా_బొగ్గు:
సరే, దిద్దే సంగతి విన్నాక ఒప్పుకుంటాను, మౌసు కోసం చేసినది వేలికి కుదరదు. కానీ పాత ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు పారేయకండి. రఫుల్ డెస్క్‌టాప్‌లో మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి, కొత్తది చేసేటప్పుడు పక్కన పెట్టుకుని ఏ బటన్ ఏం చేసేదో చూసుకోవచ్చు. డీకంపైల్ చేసిన కోడ్ చదవడం కన్నా ఆడించి చూడటం తేలిక.

రాయగడ_రమ:
ఇది మంచి మాట. ఇందులో మీతో గొడవ లేదు.

పర్లాకిమిడి_మాస్టారు:
మార్కులు? సీడీలో షేర్డ్‌ఆబ్జెక్ట్‌లో ఏ పిల్ల ఏ అక్షరం దాకా వచ్చిందో దాచేవాణ్ని.

బరంపురం_బ్రౌజర్:
దానికి బ్రౌజర్‌లోనే దాచుకునే లోకల్‌స్టోరేజ్ ఉంది, వాడకం ఇంకా తేలిక. కాకపోతే ఫైలుగా తెరిచినప్పుడు అది నిలబడుతుందో లేదో ట్యాబును బట్టి, బ్రౌజర్‌ను బట్టి మారుతుంది, మీ ట్యాబులోనే చూసుకోండి. నిలబడకపోతే మార్కులు లేకుండానే నడిచేలా రాయండి. పేజీ దానికోసం ఆగిపోకూడదు.

ధర్మాబాద్_మిర్చి:
లేదా కొలిబ్రి. నెట్ లేని బడుల కోసమే చేసిన ఉచిత సర్వర్, హెచ్‌టీఎంఎల్5 పాఠాలను జిప్ చేసి అందులో పెట్టొచ్చు, ఏ పిల్ల ఏం చదివిందో టీచర్‌కి చూపిస్తుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, స్విచ్ వేస్తే దానంతట అది లేచేలా పెట్టుకోవచ్చు.

పర్లాకిమిడి_మాస్టారు:
అది రెండో విడతకి. ముందు ఒక్క ఫైలు.

గుణుపురం_గీత:
మాస్టారూ, మాటను అక్షరం అక్షరంగా ఎగిరించే యానిమేషన్ సీడీలో ఉంటే ఒకటి చెప్పాలి. జావాస్క్రిప్ట్‌లో మాటను స్ప్లిట్ చేస్తే "పుస్తకం" అన్నది ప, ఉకారం, స, పొల్లు, త అని ముక్కలై గుణింతాలు ఒంటరిగా చుక్కల వలయాలతో వస్తాయి. బ్రౌజర్‌లోనే ఉండే Intl.Segmenter వాడితే గుణింతం అక్షరంతోనే ఉంటుంది, కానీ బ్రౌజర్ పాతదైతే ఒత్తు దగ్గర "స్" ఒకటి "త" ఒకటిగా విడిపోవచ్చు. యూనికోడ్ 15.1లోనే తెలుగు ఒత్తులను కలిపి ఉంచే నియమం వచ్చింది. మీ మాటలు తక్కువే కాబట్టి ఆ పట్టీలోనే ముక్కలు చేతితో రాసి పెట్టేయండి.

జయపురం_జోకులు:
గీత ఉద్యోగానికి పనికొస్తుంది. ఎవరైనా చూస్తున్నారా ఇక్కడ?

రాయగడ_రమ:
నేను చూస్తున్నాను. పర్సనల్ మెసేజ్ పెట్టమ్మా.

పర్లాకిమిడి_మాస్టారు:
పని మొదలైంది. "అ" పేజీ ఒక్కటి చేశాను. పాత్ డ్రాయింగ్ మాస్టారు గీశారు, కోడ్‌లో మా పక్కింటి ఇంజినీరింగ్ అబ్బాయి సాయం చేశాడు. టచ్-యాక్షన్ పెట్టకముందు రమగారు చెప్పినట్టే పేజీ పైకీ కిందికీ ఊగింది, పెట్టాక బుద్ధిగా ఉంది. వాట్సాప్‌లో ట్యాబుకు పంపి తెరిస్తే నెట్ లేకుండానే పలికింది. బడిలో ఉన్న వాటిల్లో అన్నింటికన్నా నాసి ట్యాబు, అద్దం మూల పగిలినది, దాని మీదే చూశాను. ఒకటో తరగతి పిల్ల ఒకతి "అ" దిద్ది, చప్పట్లు వచ్చాక ఆపకుండా మళ్లీ మళ్లీ దిద్దింది, పక్కనున్న పిల్ల లాక్కునేదాకా.

ఇప్పుడు కొత్త తగాదా. "క" దగ్గరకు వచ్చేసరికి డ్రాయింగ్ మాస్టారు తలకట్టు చివర్లో పెట్టాలంటారు, మా రెండో టీచరు తలకట్టుతోనే మొదలుపెట్టి దిద్దిస్తుంది. పాత్ ఏ వరుసలో గీయాలి?

సిరొంచ_సీనన్న:
చివర్లో. మా అమ్మ నాకు అలాగే దిద్దించింది.

షోలాపూర్_పడుగు:
ముందే. మా పంతులు బెత్తంతో నేర్పాడు, మర్చిపోలేను.

ధర్మాబాద్_మిర్చి:
చివర్లోనే, తలకట్టు తీసి గుడి పెడితే "కి" అవుతుంది కదా, లోపలి ఆకారం మారదు, అందుకని అది ముందు రావాలి.

రాయగడ_రమ:
తలకట్టును వేరే పాత్‌గా పెట్టండి మాస్టారూ, ఎలాగూ గుణింతాల పేజీకి వచ్చేసరికి దాన్ని తీసి గుడీ కొమ్మూ తగిలించాలి. విడిగా ఉంటే వరుస పట్టీలో ఒక అంకె మారుస్తే సరి, మీ రెండో టీచరు ట్యాబుల్లో ముందు, డ్రాయింగ్ మాస్టారి ట్యాబుల్లో చివర.

పర్లాకిమిడి_మాస్టారు:
ఒకే బడిలో రెండు రకాల "క"లా! హెడ్‌మాస్టారిని అడిగి చెబుతాను. ఈలోగా "ఖ" గీయమన్నాను.